కొత్త ల్యాప్‌టాప్ వచ్చాక వేళ్లు తిమ్మిరెక్కుతున్నాయి... ఏం చేయాలి?

ప్రశ్న: నాకు 36 ఏళ్లు. ఉండేది కూకట్‌పల్లి, ఉద్యోగం మాదాపూర్‌లో. రోజంతా టైపింగే. ఆఫీసులో పాత ల్యాప్‌టాప్ తీసేసుకుని పల్చటి కొత్తది ఇచ్చారు. దాని కీలు నొక్కుతుంటే బల్ల మీద కొట్టినట్టే ఉంటోంది. కొన్ని నెలలుగా కుడిచేతి బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు తిమ్మిరెక్కుతున్నాయి. అర్ధరాత్రి లేచి చెయ్యి విదిలించుకుంటే గానీ తగ్గడం లేదు. ఇది కీబోర్డు వల్లేనా? సొంత డబ్బుతో మంచి ల్యాప్‌టాప్ కొనుక్కోమంటారా?

జవాబు: ల్యాప్‌టాప్ జోలికి ఇప్పుడే వెళ్లకండి. కీబోర్డు గురించి మీరన్నది మాత్రం నిజమే. ల్యాప్‌టాప్‌లు పల్చబడే కొద్దీ కీ కిందికి దిగే లోతూ తగ్గిపోయింది. ఒకప్పుడు మంచి వాటిలో 2 మిల్లీమీటర్లు దాటి దిగేది. ఇప్పుడు చాలావాటిలో 1 నుంచి 1.5 మాత్రమే. 2015లో ఆపిల్ తెచ్చిన బటర్‌ఫ్లై కీబోర్డులో అర మిల్లీమీటరు దగ్గరికి వచ్చేసింది. దుమ్ము పడితే కీలు పనిచేయడం లేదని గోల మొదలయ్యాక, 2019 నుంచి ఆ కంపెనీయే దాన్ని వదిలించుకుంది. లోతు లేకపోతే వేలు నెమ్మదించే వ్యవధి ఉండదు, నేరుగా అడుగుకు తగులుతుంది. అలా రోజంతా కొడితే వేళ్లు, ముంజేయి అలిసిపోతాయి.

కానీ రాత్రి తిమ్మిరి, అదీ ఆ మూడు వేళ్లలోనే, విదిలిస్తే తగ్గడం... ఇవి కార్పల్ టన్నెల్ సిండ్రోమ్ లక్షణాలు. మణికట్టులోని ఇరుకు దారిలో మీడియన్ నరం నలుగుతోందన్నమాట. కేవలం టైపింగ్ వల్లే ఇది వస్తుందనడానికి గట్టి ఆధారాలు లేవు. థైరాయిడ్, షుగర్, గర్భం, అధిక బరువు కూడా కారణాలే. అందుకే ముందు థైరాయిడ్, షుగర్ పరీక్షలు చేయించండి.

టైపింగ్‌లో నరాన్ని ఇబ్బంది పెట్టేది మణికట్టు వంపు, దాని మీద పడే ఒత్తిడి. డైనింగ్ టేబుల్ మీద ల్యాప్‌టాప్ పెట్టుకుని పనిచేసేవాళ్లు చెయ్యి తిప్పి చూపిస్తే, మణికట్టు మీద ల్యాప్‌టాప్ అంచు ఒత్తుకున్న ఎర్రటి గీత కనిపిస్తుంటుంది. మీ చేతికీ ఉందేమో చూసుకోండి. ల్యాప్‌టాప్ కింద నాలుగు లావుపాటి పుస్తకాలు పెట్టి స్క్రీన్ ఎత్తు పెంచండి. టైపింగ్‌కి విడిగా మామూలు యూఎస్‌బీ కీబోర్డు చాలు, సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ మార్కెట్ సీటీసీలో బోలెడు దొరుకుతాయి. కొనేముందు అక్కడే నాలుగు లైన్లు కొట్టి చూడండి. కీబోర్డు అడుగున వెనకాల ఉండే చిన్న కాళ్లు మాత్రం తెరవొద్దు, అవి మణికట్టును ఇంకా పైకి వంచుతాయి. ప్రతి కీకి విడిగా స్ప్రింగు స్విచ్ ఉండే మెకానికల్ కీబోర్డు మీద మోజుంటే మీ ఇష్టం, అవి హాయిగానే ఉంటాయి. కాకపోతే ఎత్తు ఎక్కువ.

మణికట్టు వంగకుండా ఉంచే స్ప్లింట్ రాత్రిపూట ఆరు వారాలు వేసుకోండి. బీ-కాంప్లెక్స్ మాత్రలు, పెయిన్ కిల్లర్లు మీరే కొనుక్కుని మింగుతూ కూర్చోవద్దు. స్ప్లింట్‌తో తగ్గకపోతే ఆర్థోపెడిక్ డాక్టర్‌నో న్యూరాలజిస్ట్‌నో కలవండి, నరంలో సంకేతాలు ఎంత వేగంగా వెళ్తున్నాయో చూసే నర్వ్ కండక్షన్ పరీక్ష చేస్తారు. గ్లాసు చేతిలోంచి జారిపోతున్నా, గుండీలు పెట్టుకోవడం కష్టమైనా, బొటనవేలి కింది కండ పల్చబడినా ఆ ఆరు వారాలూ ఆగొద్దు, వెంటనే వెళ్లండి.