ఆ వరుస వదలకు, బిడ్డా

బిడ్డా,

నువ్వు హైదరాబాద్‌లో యాంటీబాడీ, కాంప్లిమెంట్ పని, అదే, యాంటీబాడీ రక్తంలోని కాంప్లిమెంట్ ప్రోటీన్లతో కలిసి కణాల్ని చంపుతుందా అని చూసే పని మొదలుపెడుతున్నావని మీ నాయన ఫోన్ చేసి చెప్పాడు. దేవరకొండ పిల్ల అంతదాకా పోయిందని పొంగిపోయాను. రాత్రి నిద్ర మాత్రం పట్టలేదు.

గ్లవ్స్ వేసుకో. యాంటీబాడీ సీసా మీద సోడియం అజైడ్ అని ఉందేమో చూడు, అదే కణాల్ని చంపేస్తుంది. కణాల్ని ప్లేటు నుంచి ఊడదీసే ట్రిప్సిన్ ఎక్కువసేపు ఉంచితే కణం మీది ప్రోటీన్లు తెగిపోతాయి. ఇవన్నీ నీకు తెలిసినవే.

నా భయం వేరే. కణాలు చచ్చిపోతే ఎందుకని అడుగుతాం. బతికుంటే అడగబుద్ధి కాదు.

నేను చేసింది ఎండాకాలంలో. కాంప్లిమెంట్ సీసా అడుగున కొంచెమే ఉంది. బియ్యం కడిగిన నీళ్ళు కూడా బర్రెకు పోసే ఇంట్లో పుట్టినదాన్ని, ఆ పొదుపు చేతికి అంటుకుంది. తప్పకుండా చంపుతుందని తెలిసిన యాంటీబాడీకి ఒక వరుస ఎందుకు దండగ అని పాజిటివ్ కంట్రోల్ తీసేశాను. కాంప్లిమెంట్ పనిచేస్తోందో లేదో చెప్పేది ఆ వరుసే. పొద్దున కరిగించి బల్ల మీద వదిలేసిన కాంప్లిమెంట్‌నే, టీ తాగి వచ్చి, మధ్యాహ్నం వాడాను. చచ్చిన కణాల్ని నీలం చేసే ట్రిపాన్ బ్లూ రంగు వేస్తే కణాలు దాదాపు అన్నీ తెల్లగా మెరుస్తున్నాయి. ‘ఈ యాంటీబాడీ హాని చేయదు’ అని రాసి కింద గీత కూడా కొట్టాను, ఎంత పొగరో చూడు.

మూడు వారాలకు సీనియర్ కొత్త సీసాతో చేస్తే ప్లేటంతా నీలం. సారు తిట్టలేదు. “ఇదే కిడ్నీ మార్పిడికి ముందు చేసే క్రాస్‌మ్యాచ్ అయితే?” అన్నారు. రోగి రక్తంలో దాత కణాల మీద దాడిచేసే యాంటీబాడీలు ఉన్నాయేమో చూసే పరీక్ష అది. 1969లో పటేల్, టెరసాకి అనే పరిశోధకులు చూపించిన లెక్క అప్పటికే చదివాను: క్రాస్‌మ్యాచ్ పాజిటివ్‌గా ఉన్నా పెట్టిన 30 కిడ్నీల్లో 24 వెంటనే పోయాయి. అన్నం ముందు పెట్టుకుని ఏడ్చాను.

ఈ పరీక్షలో యాంటీబాడీ తాను పేల్చదు, గుర్తు పెడుతుంది. కాంప్లిమెంట్‌లోని సి1క్యూ అనే ప్రోటీన్ వచ్చి అతుక్కుంటే సి4, సి2, సి3, సి5 వరసగా లేస్తాయి. చివరికి సి9లు గుండ్రంగా చేరి పొరకు రంధ్రం వేస్తాయి, నీళ్ళు దూరి కణం పగులుతుంది. మధ్యలో ఒక్కటి వేడికి పాడైనా అంతా ఆగుతుంది. పైగా మనిషి కణాలకు సిడి55, సిడి59 అనే ప్రోటీన్లు కాపలా ఉంటాయి, మనిషి కాంప్లిమెంట్ వాటిముందు తరచూ తేలిపోతుంది. చాలాచోట్ల కుందేలుది వాడేది అందుకే.

చిన్న గొట్టాల్లో పంచి మైనస్ 80లో పెట్టు. ఐసు మీదే కరిగించు. మిగిలింది పారబోయి, జాలిపడకు. పనిచేయకుండా 56 డిగ్రీల్లో 30 నిమిషాలు వేడిచేసిన కాంప్లిమెంట్‌తో ఒక వరుస, కాంప్లిమెంట్ ఒక్కదానితో ఒకటి పెట్టు. ఖర్చవుతుందని ఎవరన్నా అంటే నా పేరు చెప్పు.

రాత్రి ల్యాబ్‌లో ఉంటే నాయనకు ఫోన్ చెయ్యి, వాడు పైకి చెప్పడు. దసరాకు వస్తే సర్వపిండి చేస్తాను. మొదటి ప్లేటు ఫొటో నాకు పంపు, పాజిటివ్ కంట్రోల్ వరుస కనబడేటట్టు తియ్యి.

నీ మేనత్త,
నల్గొండ