సినీ విమర్శకుల ఓటింగ్ ఫలితాల్లో పేర్ల పక్కన వేసే పాయింట్లకు అర్థం ఏమిటి?

అమెరికాలో 1966లో మొదలైన నేషనల్ సొసైటీ ఆఫ్ ఫిల్మ్ క్రిటిక్స్‌నే తీసుకుందాం. ఉత్తమ చిత్రం, నటుడు, నటి వంటి ప్రతి విభాగంలో ఒక్కో సభ్యుడు మూడు పేర్లు వరుసగా రాస్తాడు. మొదటి పేరుకు 3 పాయింట్లు, రెండోదానికి 2, మూడోదానికి 1.

30 మంది ఓటు వేశారనుకోండి. ఒక సినిమాను 10 మంది మొదటి స్థానంలో పెడితే 30 పాయింట్లు. మరో సినిమాను 18 మంది రెండో స్థానంలో రాస్తే 36. రెండోదే ముందుంటుంది. పైగా గెలవాలంటే సగానికి మించిన బ్యాలట్లలో ఆ పేరు ఉండాలి. లేకపోతే మళ్లీ ఓటింగ్. కాబట్టి పాయింట్లంటే ఓట్ల సంఖ్య అనుకోకూడదు.

ఈ పద్ధతి నాకు చాలా ఇష్టం. ప్రచారానికి డబ్బులేని సినిమాకు కూడా ఇందులో న్యాయం జరిగే అవకాశం ఉంది. 2021 చిత్రాలకు ఈ సంస్థ జపాన్ సినిమా 'డ్రైవ్ మై కార్'ను ఉత్తమ చిత్రంగా, అందులో నటించిన హిదెతోషి నిషిజిమాను ఉత్తమ నటుడిగా ఎన్నుకుంది. ఆస్కార్‌లో ఆ సినిమాకు అంతర్జాతీయ చిత్రం అవార్డు దక్కింది, నిషిజిమాకు మాత్రం నామినేషన్ కూడా రాలేదు. అంత నిగ్రహంతో చేసిన నటనను విమర్శకులు గుర్తించడం నాకు ఎంతో సంతోషం కలిగించింది.

ఫలితాలు చదివేటప్పుడు రెండు, మూడు స్థానాల్లోని పేర్లు కూడా రాసిపెట్టుకోండి. చూడదగ్గ సినిమాలు అక్కడ చాలా దొరుకుతాయి.