సర్వర్ మార్చాక టేబుల్‌లో ఉన్న రో వెతికితే దొరకట్లేదా? లొకేల్ చూడండి

పాత లినక్స్ నుంచి కొత్తదానికి పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ డేటా డైరెక్టరీని యథాతథంగా కాపీ చేశామని, ఇప్పుడు కోడ్ కాలమ్‌లోని విలువతో వెతికితే రో రావట్లేదని, టేబుల్ మొత్తం చదివిస్తే కనిపిస్తోందని రాశారు. డేటా భద్రంగానే ఉంది. చెడింది ఇండెక్స్, అంటే రోలను త్వరగా వెతకడానికి డేటాబేస్ వరసలో పేర్చుకునే సూచిక.

లొకేల్ అంటే భాష-ప్రాంతం సెట్టింగ్, కొలేషన్ అంటే అక్షరాల వరస నియమాలు. ఐసీయూ అనే విడి లైబ్రరీ కొలేషన్ పెట్టుకోకపోతే, సీ లొకేల్‌లో తప్ప, పోస్ట్‌గ్రెస్ ఏ అక్షరం ముందో ఏది తర్వాతో లినక్స్ మూల లైబ్రరీ గ్లిబ్‌సీనే అడుగుతుంది. 2018లో వచ్చిన గ్లిబ్‌సీ 2.28లో ఆ క్రమం బాగా మారిపోయింది. రెండు సర్వర్లలోనూ అమెరికన్ ఇంగ్లిష్ యూటీఎఫ్-8 లొకేల్ పెట్టి, 1-1, 11 అనే రెండు లైన్లను సార్ట్ కమాండ్‌కి ఇవ్వండి. పాతదాంట్లో 11 ముందొస్తుంది, కొత్తదాంట్లో 1-1. మీ బీ-ట్రీ (కొమ్మల్లా పేర్చే మామూలు ఇండెక్స్) పాత వరసలో పేర్చి ఉంది, వెతుకులాట కొత్త వరస ప్రకారం సాగుతోంది. హైఫన్ ఉన్న కోడ్ దగ్గర తప్పు కొమ్మలోకి దిగి, లేదని తిరిగొస్తుంది. కొత్త రో పడేటప్పుడూ ఇదే జరుగుతుంది కాబట్టి యూనిక్ ఇండెక్స్ (ఒకే విలువ రెండుసార్లు రాకుండా చూసేది) ఉన్నా డూప్లికేట్లు చేరిపోతాయి. అందుకే ముందు రైట్లు (డేటా రాయడం) ఆపండి, మిగతాదంతా తర్వాత.

ఇండెక్స్ వరస సరిగ్గా ఉందో చూసే ఆమ్‌చెక్ ఎక్స్‌టెన్షన్‌తో టెక్స్ట్ కాలమ్‌ల ఇండెక్స్‌లన్నీ పరీక్షించండి. అంకెలు, తేదీల మీద ఉన్నవాటికి ఈ బెడద లేదు. డూప్లికేట్లను వెతికే ముందు ఆ సెషన్‌లో ఇండెక్స్ స్కాన్, ఇండెక్స్ ఓన్లీ స్కాన్, బిట్‌మ్యాప్ స్కాన్ అనే ఇండెక్స్ వాడే పద్ధతులు మూడూ ఆపేయాలి, లేకపోతే చెడిన ఇండెక్స్‌నే సాక్ష్యం అడిగినట్టవుతుంది. డూప్లికేట్లు తీసేశాకే రీఇండెక్స్ (ఇండెక్స్‌ను మళ్లీ కట్టడం). ఒక్కటి మిగిలినా యూనిక్ ఇండెక్స్ కట్టడం మధ్యలో ఆగిపోతుంది. పోస్ట్‌గ్రెస్ వెర్షన్ 15 నుంచి కొలేషన్ వెర్షన్ కలవట్లేదని హెచ్చరిక వస్తుంది. దాన్ని రిఫ్రెష్ చేస్తే హెచ్చరిక పోతుందంతే, ఇండెక్స్ బాగుపడదు. రీఇండెక్స్ అయ్యేదాకా దాని జోలికి పోకండి.

ప్రైమరీ (అసలు సర్వర్) పాత ఓఎస్ మీద, స్టాండ్‌బై (దాని నకలు సర్వర్) కొత్తదాని మీద ఉన్నా ఇదే గొడవ. డేటాను ఫైల్‌లోకి డంప్ తీసి రీస్టోర్ చేస్తే ఇండెక్స్‌లు కొత్తగా కడతారు కాబట్టి ఈ చిక్కు రాదు.

ఇకమీదట కోడ్‌లు, కీల కాలమ్‌లకు సీ కొలేషన్ పెట్టండి. అది బైట్ల విలువనే చూస్తుంది, ఓఎస్ మారినా వరస మారదు, 'దీనితో మొదలయ్యేవి' అని వెతికే లైక్ క్వెరీలకూ మామూలు ఇండెక్సే సరిపోతుంది. మనుషుల పేర్లకు మాత్రం వద్దు: ఇంగ్లిష్ పెద్దక్షరం జెడ్ విలువ 90, చిన్నక్షరం ఏ విలువ 97, అంటే పెద్ద జెడ్‌తో మొదలయ్యే పేరు చిన్న ఏతో మొదలయ్యేదాని కంటే ముందొచ్చేస్తుంది. అలాంటి జాబితాలకు ఆర్డర్ బై దగ్గరే ఐసీయూ కొలేషన్ ఇవ్వండి.