మిచిగన్ ఫుట్‌బాల్ సిగ్నల్స్ గొడవ: అసలు తప్పు ఎక్కడ, అభిమానులు వాదించుకునేది దేనిమీద?

ప్రశ్న: "టొలీడోలో ఉద్యోగం. ఆఫీసులో సగం మంది మిచిగన్ వాళ్లు, సగం మంది ఒహాయో స్టేట్ వాళ్లు. మిచిగన్ కోచ్ హార్బా మోసగాడని కొందరు, అవతలి జట్టు సిగ్నల్స్ చూస్తే తప్పేంటని ఇంకొందరు. నాకు క్రికెట్ తప్ప తెలియదు. అసలేం జరిగింది? ఎవరి మాట నిలబడుతుంది?"

ఇద్దరి మాటలోనూ కొంత నిజముందండీ. మూడు వేరు సంగతుల్ని ఒకే మూట కట్టేయడం వల్లే ఈ గొడవ తెగట్లేదు. అవతలి జట్టు సైగలు కనిపెట్టడం ఒకటి, అందుకోసం మనుషుల్ని స్టేడియంలకు పంపడం రెండోది, దొరికాక విచారణకు అడ్డం పడడం మూడోది. మొదటిది తప్పు కాదు. మిగతా రెండూ తప్పే.

ముందు ఆట సంగతి. అమెరికా ప్రొఫెషనల్ లీగ్‌లో క్వార్టర్‌బ్యాక్ (బంతి అందుకుని ఆట నడిపేవాడు) హెల్మెట్‌లో 1994 నుంచే రేడియో ఉంది. కాలేజీల్లో 2023 సీజన్ దాకా లేదు. కాబట్టి ప్రతి ప్లేకీ (బంతి ఒకసారి కదిలి ఆగేదాకా ఒక ప్లే) ముందు ఏం ఆడాలో సైడ్‌లైన్ (మైదానం అంచు) నుంచి చేతి సైగలో, బొమ్మల బోర్డులో చూపించాలి. ఎవరైనా చూస్తారని తెలుసు గనక ముగ్గురు నిలబడి సైగలు చేస్తారు. అందులో ఒకడివే అసలువి, మిగతా ఇద్దరివీ ఉత్తుత్తివి. ఆ ఒకడెవరో పసిగట్టి, ఫలానా సైగకి పరుగు, ఫలానా సైగకి పాస్ అని మైదానంలోనే తేల్చుకుంటే అది తెలివి. బౌలర్ మణికట్టు చూసి గూగ్లీ పట్టేసిన బ్యాట్స్‌మన్‌ని మనం మెచ్చుకుంటాం కదా, అలాగన్నమాట. టీవీ ప్రసారం చూసి కనిపెట్టినా అభ్యంతరం లేదు.

చిక్కు ఇక్కడే వస్తుంది. జట్లు ఒకదానికొకటి ఇచ్చుకునే మ్యాచ్ వీడియోల్లో 22 మంది ఆటగాళ్లు కనిపిస్తారు గానీ సైడ్‌లైన్ కనపడదు. టీవీలో అప్పుడో తునక, ఇప్పుడో తునక. మ్యాచ్ మొత్తం సైగలు కావాలంటే ఎవరో ఒకరు టికెట్ కొనుక్కుని స్టేడియంలో కూర్చోవాల్సిందే. సరిగ్గా దాన్నే కాలేజీ ఆటల్ని నడిపే సంస్థ ఎన్‌సీఏఏ 1994 నుంచి నిషేధించింది. అదే సీజన్‌లో మనతో ఆడబోయే జట్టు మ్యాచ్‌కి, మన ఊరు దాటి, మన మనిషి వెళ్లి చూడకూడదు. డబ్బున్న కాలేజీలు ఊరూరా మనుషుల్ని పంపితే లేనివాళ్లు తట్టుకోలేరని, ఖర్చు తగ్గించడానికి పెట్టిన నిబంధన అది. సైగలు దాచడం దాని ఉద్దేశమే కాదు. మిచిగన్ వాళ్లు "పాతకాలపు ఖర్చుల రూలు" అనేది అందుకే. ఆ మాట నిజమే, కానీ పాత రూలైనంత మాత్రాన రూలు కాకుండా పోదు. పైగా ఎదుటి జట్టు సైగల్ని రికార్డు చేయకూడదని ఆట నిబంధనల్లో విడిగా ఉంది.

ఇందులో ముఖ్యుడు కానర్ స్టాలియన్స్. మాజీ మెరీన్, మిచిగన్‌లో చిన్న ఉద్యోగి. తన పేరుతోనే టికెట్లు కొని తెలిసినవాళ్లకి, ఇంటర్న్‌లకి పంపేవాడు. వాళ్లు మైదానం మధ్యకి దగ్గరగా, సైడ్‌లైన్ బాగా కనపడే సీట్లలో కూర్చుని ఆటని వదిలేసి, సైగలు చేసేవాళ్ల మీదే ఫోన్ కెమెరా పెట్టేవాళ్లు. ఆ వీడియోలకి వాళ్లు పెట్టుకున్న పేరు "డర్టీ ఫిల్మ్", ఆ బృందానికి పేరు "కేజీబీ". తర్వాత ఆ వీడియోని మామూలు మ్యాచ్ వీడియోతో ప్లే వెంట ప్లే జతచేస్తే ఏ సైగకి ఏం ఆడారో పట్టిక తయారవుతుంది. ఎన్‌సీఏఏ లెక్క ప్రకారం 2021 నుంచి 2023 వరకు మూడు సీజన్లలో 13 మంది ప్రత్యర్థుల మీద ఇలాంటివి 56 సార్లు జరిగాయి.

దొరికింది కూడా ఆ టికెట్ల వల్లే. కాలేజీలు తమ టికెట్ రికార్డులు తిరగేస్తే అతని పేరే బయటపడింది. ఒక స్టేడియంలోనైతే ఆ సీట్లో మనిషి మ్యాచంతా ఫోన్ పైకెత్తి ఉండడం నిఘా కెమెరాలో కనిపించింది. రహస్య దళానికి కేజీబీ అని పేరు పెట్టి, టికెట్లు సొంత పేరుతో కొనడం ఏం తెలివో నాకైతే అర్థం కాదు. 2023 సెప్టెంబర్ 1న మిచిగన్ స్టేట్, సెంట్రల్ మిచిగన్ అనే వేరే రెండు కాలేజీల మ్యాచ్‌లో స్టాలియన్స్ సెంట్రల్ మిచిగన్ కోచ్‌ల దుస్తుల్లో, నల్ల కళ్లద్దాలు పెట్టుకుని వాళ్ల సైడ్‌లైన్‌లో నిలబడ్డాడు. ఆ ఫొటోలు ఇంటర్నెట్‌లో పడ్డాక అభిమానులు ఒక్కో ఫ్రేమూ జల్లెడ పట్టారు.

పట్టిక చేతిలో ఉంటే గెలిచినట్టేనా? కాదు. ప్లేకీ ప్లేకీ మధ్య గడియారం 40 సెకన్లు. సైగ చూడాలి, పోల్చాలి, డిఫెన్స్ కోచ్‌కి చెప్పాలి, ఆయన తన జట్టుకి మళ్లీ సైగ చేయాలి. అన్నీ బంతి కదిలేలోపే. అసలు సైగలు చేసేవాణ్ణి ఎదుటివాళ్లు మధ్యలో మార్చేస్తే పట్టిక చెత్తబుట్టలోకే. అంతకన్నా ప్రమాదం తప్పుడు సమాచారం: పరుగు అనుకుని ముందుకొచ్చిన డిఫెన్స్ వెనకాల బంతి పడితే నేరుగా టచ్‌డౌనే (ఈ ఆటలో పెద్ద స్కోరు). 2022 సీజన్ సెమీఫైనల్లో టీసీయూ అనే టెక్సస్ కాలేజీ మిచిగన్‌ని 51-45తో ఓడించింది. ఆ జట్టుకి విషయం ముందే తెలిసి, పాత సైగల్ని ఉత్తుత్తివిగా వాడిందని తర్వాత వార్తలొచ్చాయి.

ఇక మీ ఆఫీసు వాదనలు. "టైటిలే దొంగది" అంటే వెంటనే తల ఊపకండి. 2023 సీజన్‌లో మిచిగన్ 15 మ్యాచ్‌లూ గెలిచి జాతీయ టైటిల్ కొట్టింది. అక్టోబర్ 19న వార్త బయటికొచ్చేనాటికి గెలిచినవి 7. మిగతా 8 స్టాలియన్స్ పక్కకి తప్పుకున్నాకే. పెన్ స్టేట్, ఒహాయో స్టేట్, అలబామా, ఫైనల్లో 34-13తో వాషింగ్టన్, అన్నీ ఆ ఎనిమిదిలోవే. పైగా ఒహాయో స్టేట్ 2024లో కూడా మిచిగన్ చేతిలో 13-10తో ఓడింది.

అలాగని "అయితే లాభమేమీ లేదుగా" అంటే అదీ ఒప్పుకోకండి. లాభం లేకపోతే మూడేళ్లు ఎందుకు పంపుతారు? 2021, 2022 గెలుపుల్లో ఎంత భాగం ఆ పట్టికలది అంటే, కొలిచే పద్ధతే లేదు. ఎవరైనా ఇన్ని పాయింట్లు అని అంకె చెబితే ఊహించి చెబుతున్నట్టే.

"అందరూ చేస్తారు" అన్నది మూడో వాదన. వేరే జట్లు మిచిగన్ సైగల్ని తమలో తాము పంచుకున్నాయని మిచిగన్ ఎదురు ఆరోపణ చేసింది. తెలిసిన సైగలు పంచుకోవడం ఈ నిబంధన కిందికి రాదు, మనిషిని పంపడం వస్తుంది. తేడా అంతే, కానీ కేసు మొత్తం ఆ తేడా మీదే నిలబడింది.

హార్బా మాటకొస్తే, 2023 నవంబర్ 10న మిచిగన్ ఆడే కాలేజీల కూటమి బిగ్ టెన్ ఆయన్ని మూడు మ్యాచ్‌లకి సస్పెండ్ చేసింది. మరుసటి రోజే పెన్ స్టేట్ మ్యాచ్. "మిచిగన్ వర్సెస్ ఎవ్రీబడీ" టీషర్టులకి ఊపొచ్చింది అప్పుడే. టైటిల్ గెలిచిన నెలలోనే ఆయన ప్రొఫెషనల్ జట్టు చార్జర్స్‌కి వెళ్లిపోయాడు. ఎన్‌సీఏఏ తీర్పు 2025 ఆగస్టు 15న వచ్చింది. ఇదంతా ఆయనే చేయించాడని తేల్చలేదు. కానీ 2023 జనవరి నుంచి అమల్లో ఉన్న నిబంధన ప్రకారం సిబ్బంది తప్పుకి ముఖ్య కోచ్ తప్పించుకోలేడు, పైగా విచారణకి సహకరించలేదు. అందుకే 10 ఏళ్ల షో-కాజ్, అంటే ఆ గడువులో కాలేజీ కోచింగ్ దాదాపు మూసుకుపోయినట్టే. స్టాలియన్స్‌కి 8 ఏళ్లు. తన ఫోన్‌ని చెరువులో పడేశాడు మరి. హార్బా తర్వాత కోచ్ అయిన షెరోన్ మోర్ స్టాలియన్స్‌తో జరిపిన 52 మెసేజ్‌లు చెరిపేశాడు, తర్వాత అవి దొరికాయి. కాలేజీకి 4 ఏళ్ల ప్రొబేషన్ (నిఘా గడువు), ఫుట్‌బాల్ బడ్జెట్‌లో 10 శాతంతో పాటు ఇంకొన్ని కోట్ల డాలర్ల జరిమానా. గెలుపులు రద్దు కాలేదు, టైటిల్ ఉంది. ఒహాయో స్టేట్ వాళ్ల కడుపుమంట ఇదే. పోస్ట్‌సీజన్ (సీజన్ తర్వాత జరిగే పెద్ద మ్యాచ్‌లు) నిషేధానికి అర్హమైన కేసే అయినా ఇప్పటి ఆటగాళ్లకి అన్యాయమవుతుందని కమిటీ వదిలేసింది. నాకైతే అది సబబే అనిపిస్తుంది, 2025 జట్టులోని కుర్రాడు 2021 టికెట్లకి జవాబు చెప్పక్కర్లేదు.

2024 నుంచి పై డివిజన్ కాలేజీల్లోనూ హెల్మెట్ రేడియో వచ్చింది. ఒక్క ఆటగాడికే, హెల్మెట్ వెనక ఆకుపచ్చ చుక్క ఉంటుంది, గడియారం 15 సెకన్లకి రాగానే కట్. గుంపు కట్టకుండా వేగంగా ఆడే జట్లలో అంచున నిలబడి పాస్ అందుకునే రిసీవర్లకి ఆ మాట వినపడదు కాబట్టి, ఈ సీజన్‌లో మ్యాచ్ చూస్తే బొమ్మల బోర్డులు, ఉత్తుత్తి సైగలు మీకు ఇంకా కనిపిస్తాయి.