ఒక్కరోజు పరిగెత్తకపోతే ఎందుకింత భయం?

ప్రశ్న: అక్కా, నాకు 26 ఏళ్లు. బరువు తగ్గుదామని రెండేళ్ల కింద రన్నింగ్ మొదలెట్టాను, తగ్గాను కూడా. ఇప్పుడు రోజూ 12 కిలోమీటర్లు పరిగెత్తకపోతే ఏదో తప్పు చేసినట్టుంటుంది, జ్వరమొచ్చినా ఆపలేదు. మొన్న పరుగు కుదరని రోజు రాత్రి పదకొండున్నరకి వాచీలో పదివేల స్టెప్స్ అవ్వలేదని లైట్ కూడా వేయకుండా హాల్లో గుండ్రంగా తిరుగుతుంటే అమ్మ లేచి చూసి ఏడ్చేసింది. నెల నుంచి ఎడమ మోకాలి కింద ఎముక నొప్పి, మూడు నెలలుగా పీరియడ్స్ లేవు. ఆరోగ్యం కోసమే కదా చేస్తున్నా, తప్పేముంది?

జవాబు: ముందు ఆ నొప్పి సంగతి చూడాలి తల్లీ. ఎముక మీద వేలితో మెల్లగా నొక్కితే ఒక్క చోటే కలుక్కుమంటుంటే స్ట్రెస్ ఫ్రాక్చర్ అయ్యుండొచ్చు, అంటే ఎముకలో సన్నటి చీలిక, అది మొదట్లో ఎక్స్‌రేలో కనపడకపోవచ్చు కూడా, కాబట్టి ఎక్స్‌రే బాగుందన్నారని మర్నాడే షూస్ వేసుకోకు, నొప్పి తగ్గట్లేదని డాక్టరుకి గట్టిగా చెప్పు. పీరియడ్స్ ఆగడానికీ దీనికీ సంబంధం ఉండొచ్చు. ఖర్చయ్యే శక్తికి సరిపడా తినకపోతే ఒంట్లో ఈస్ట్రోజెన్ అనే హార్మోన్ పడిపోతుంది, అది పడిపోతే ఎముక బలహీనమవుతుంది. ఇంటర్నేషనల్ ఒలింపిక్ కమిటీ నిపుణులు 2014లో దీనికి రెడ్-ఎస్, అంటే ఆటల్లో వచ్చే శక్తి లోటు, అని పేరు కూడా పెట్టారు. థైరాయిడ్ లాంటి వేరే కారణాలూ ఉంటాయి, అందుకే ఈ వారమే గైనకాలజిస్ట్ దగ్గరికి కూడా వెళ్లు, వెళ్లినప్పుడు 12 కిలోమీటర్ల సంగతి దాచకు.

ఇక తప్పేముంది అన్నావు. 12 అనే అంకెని బట్టి నేనేమీ అనను, మారథాన్‌కి ప్రిపేరయ్యేవాళ్లు కొన్ని రోజులు ఇంతకన్నా ఎక్కువే పరిగెత్తుతారు, కానీ రెస్ట్ డే వస్తే హాయిగా పడుకుంటారు. నీకు పడుకుంటే భయమేస్తోంది చూడు, నన్ను కంగారు పెట్టింది అదే. నీ ఒక్కదానికే కాదులే ఇది. 1970లో బేక్‌లాండ్ అనే డాక్టరు వ్యాయామం మానేస్తే నిద్ర ఎలా ఉంటుందో చూద్దామనుకుంటే, దాదాపు రోజూ చేసేవాళ్లు డబ్బులిస్తామన్నా నెలరోజులు ఆపడానికి ఒప్పుకోలేదు, చివరికి వారానికి మూడు నాలుగు రోజులు చేసేవాళ్లతో సరిపెట్టుకున్నాడు. నువ్వు చీకట్లో తిరిగి పూర్తిచేసిన ఆ పదివేలు కూడా డాక్టర్లు పెట్టిన లెక్కేం కాదు, 1965లో జపాన్‌లో అడుగులు లెక్కపెట్టే ఒక మిషన్‌కి పెట్టిన పేరులోంచి వచ్చింది.

డాక్టరు చూసేదాకా పరుగు ఆపు. మొదటి నాలుగు రోజులు చిరాకు, నిద్ర పట్టకపోవడం, ఊరికే ఏడుపు రావచ్చు, దాన్ని చూసి బద్ధకం వచ్చేసిందని, లావైపోతున్నానని తిండి తగ్గించుకోవద్దు ప్లీజ్. అలా తగ్గించాలనిపిస్తుంటే మాత్రం సైకాలజిస్ట్‌ని కలవాల్సిందే, తిండి భయం, వ్యాయామం భయం చాలాసార్లు కలిసే ఉంటాయి. ఈ రాత్రికి వాచీ తీసి అమ్మ చేతికివ్వు, ఎందుకో కూడా ఆమెకి చెప్పు.