నార్ఫోక్ దీవి స్థానిక చరిత్రలో చెప్పుకోదగిన ఘట్టాలు ఏవి?

ఆస్ట్రేలియాకు తూర్పున, పసిఫిక్ మహాసముద్రంలోని ఈ చిన్న ఉపోష్ణమండల దీవిని 1774లో కెప్టెన్ కుక్ చూసేనాటికి అక్కడ మనుషులు లేరు. అయితే అంతకు కొన్ని శతాబ్దాల ముందు పాలినేషియన్లు నివసించిన ఆనవాళ్లు తవ్వకాల్లో బయటపడ్డాయి. ఓడల స్తంభాలకు ఇక్కడి పైన్ చెట్లు పనికొస్తాయన్న ఆశ కూడా తోడై, 1788 మార్చిలో బ్రిటిష్ వారు ఖైదీలతో వలస ఏర్పరచారు. ఆ కలప అందుకు పనికిరాలేదు.

నా దృష్టిలో అన్నిటికన్నా ఉత్కంఠభరితమైనది 1790 నాటి ఘట్టం. ఆ మార్చి 19న ఖైదీలనూ సైనికులనూ తీసుకొచ్చిన సిరియస్ అనే బ్రిటిష్ ఓడ తీరంలోని పగడపు దిబ్బపై పగిలిపోవడంతో, తిండి తగ్గి, తినే నోళ్లు పెరిగి, సైనిక శాసనం విధించవలసి వచ్చింది. అప్పుడు మౌంట్ పిట్ కొండపై బొరియల్లో గూళ్లు పెట్టుకునే పెట్రెల్ అనే సముద్రపక్షులే వారి ప్రాణాలు నిలిపాయి. ఒక్క ఏడాదిలోనే లక్షకు పైగా పక్షులను చంపి తిన్నారు. కొన్నేళ్లకే ఆ పక్షి ప్రధాన దీవిలో కనుమరుగైంది.

1814లో వలసను ఖాళీ చేశారు. 1825లో తిరిగి తెరిచిన కారాగారం క్రూరత్వానికి పేరుపడి, 1855లో మూతపడింది.

నేటి స్థానిక సమాజానికి మూలం 1856 జూన్ 8. 1789లో బౌంటీ అనే బ్రిటిష్ ఓడలో కెప్టెన్‌పై తిరగబడిన నావికులకూ తాహితీ స్త్రీలకూ పుట్టిన సంతతివారు 194 మంది, అప్పటిదాకా తాము నివసించిన పిట్‌కెయిర్న్ దీవి ఇరుకైపోవడంతో, ఆ రోజున ఇక్కడ దిగారు. కొందరు తర్వాత వెనక్కి వెళ్లిపోయినా, ఆ తేదీని నేటికీ ఏటా పండుగగా జరుపుకుంటారు.

1979లో లభించిన పరిమిత స్వపరిపాలనను ఆస్ట్రేలియా 2015లో రద్దు చేసింది. దానిపై స్థానికుల్లో చాలామంది అసంతృప్తి వ్యక్తం చేశారు.