సేవా సంస్థ నడుపుతానంటోంది మా అమ్మాయి, ఏం చెయ్యమంటారు?

ప్రశ్న: నేను జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కల మాస్టారిని. ఇంకో రెండేళ్ల సర్వీసు ఉంది. మా అమ్మాయి బీటెక్ చేసి మూడేళ్లుగా హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తోంది. ఏడాదిగా రాత్రిపూట ఇంగ్లండ్‌లోని ఒక చిన్న స్వచ్ఛంద సంస్థకు ఆన్‌లైన్‌లో సాయం చేస్తోంది. ఆఫ్రికాలోని మలావీలో బడులకు నీళ్లు, మరుగుదొడ్లు కట్టించే సంస్థట. మొత్తం ఆరుగురేనట. ఇప్పుడు ఉద్యోగం మానేసి ఇంగ్లండ్‌లో ఇంటర్నేషనల్ డెవలప్‌మెంట్‌లో మాస్టర్స్ చేస్తానంటోంది. 32 లక్షలు లోన్ కావాలి. చదువయ్యాక అలాంటి సంస్థకే డైరెక్టర్ అవుతుందట. ఎంబీఏ చెయ్యమ్మా అంటే వినడం లేదు. అసలు ఇలాంటి సంస్థలు నడిపేది ఎవరు? వాళ్లకు జీతాలుంటాయా? ఎంబీఏతో పోల్చి చెప్పండి. సంబంధాలు చూస్తున్నాం. అమ్మాయి ఏం చేయబోతోందని అడిగితే ప్రస్తుతానికి అమెరికా ప్రయత్నాల్లో ఉందని చెబుతున్నాం.
(ఒక తండ్రి, కాకినాడ జిల్లా)

జవాబు: మాస్టారూ, ఈ ప్రశ్న నాకు ప్రతి ఏడాదీ వస్తుంది. దేశం పేరు మారుతుంది, లోన్ అంకె మారుతుంది, భయం మాత్రం అదే. మీరు పోలిక అడిగారు గానీ మీకు నిద్ర పట్టనివ్వనిది అది కాదు. పిల్ల చేతిలో డబ్బు నిలవక, పెళ్లి కుదరక, నెత్తిన అప్పుతో మిగిలిపోతుందేమోనన్న బెంగ. ముందు దాని సంగతి చూద్దాం.

మీ అమ్మాయికి తన జీతంతో తాను బతకడం వచ్చు. పగలంతా ఆఫీసు పని చేసి, ఏడాదిపాటు రాత్రిళ్లు రూపాయి తీసుకోకుండా ఒక పనిని పట్టుకుని కూర్చుంది. సరదా అయితే మూడు నెలల్లో తీరిపోయేది. చేతిలో పని ఉంది, మనసులో పట్టుదల ఉంది. ఇలాంటి పిల్ల ఎక్కడికెళ్లినా బతుకుతుంది. నేను చూసినంతలో ఈ రంగంలోకి వెళ్లి నిజంగా ఇబ్బంది పడ్డవాళ్లు తక్కువ జీతం వల్ల పడలేదు, మొదట్లోనే తలకెత్తుకున్న లోన్ వల్ల పడ్డారు. ఆ ఒక్కటీ తప్పిస్తే మీ భయంలో సగం పోతుంది.

ఇక నడిపేవాళ్లెవరంటారా? ఇంగ్లండ్‌లో ఇలాంటి సంస్థకు యజమాని ఉండడు. పైన ట్రస్టీలు ఉంటారు. రిటైరైన హెడ్‌మాస్టరు, ఒక డాక్టరు, ఒక అకౌంటెంటు, ఇలా ఐదారుగురు. ట్రస్టీగా ఉన్నందుకు వాళ్లకు సాధారణంగా జీతం ఉండదు, కానీ చట్టం ముందు బాధ్యత వాళ్లదే. డైరెక్టరును నియమించేదీ తీసేసేదీ వాళ్లే. సంస్థను పుట్టించిన మనిషయినా ఆ ట్రస్టీలకు జవాబు చెప్పాల్సిందే. ఆ కింద జీతం తీసుకునే డైరెక్టరు, విరాళాలు తెచ్చే మనిషి, లెక్కలు చూసే మనిషి (చాలాచోట్ల వారానికి రెండు రోజులే వస్తారు), పని జరిగే దేశంలో అక్కడి మేనేజరు. మీ అమ్మాయి చెప్పిన ఆరుగురంటే దాదాపు ఇంతే.

జీతం గౌరవంగా బతకడానికి సరిపోతుంది, అంతకు మించి ఆశించొద్దు. అక్కడి సంస్థలు ఏటా 60,000 పౌండ్లకు మించి తీసుకునే ఉద్యోగులు ఎంతమంది ఉన్నారో తమ లెక్కల్లో చూపాలి. చిన్న సంస్థల లెక్కల్లో ఆ చోట ఎక్కువగా ‘ఎవరూ లేరు’ అనే ఉంటుంది.

ఆ డైరెక్టరు రోజంతా ఏం చేస్తాడో మన పిల్లలకు సరిగ్గా తెలియదు. ఫోటోల్లో బావి దగ్గర నవ్వుతున్న పిల్లలు కనిపిస్తారు. నాకు తెలిసిన ఒక అమ్మాయి ఇలాంటి చిన్న సంస్థకు ఇక్కడ పనులు చూస్తోంది. పోయిన వర్షాకాలం ఆమె ఆఫీసుకు వెళ్లాను. రెండు గదులు, టేబుల్ మీద చెప్పుల డబ్బా నిండా ఓచర్లు. ఏజెన్సీలో ఒక బడికి నీళ్ల ట్యాంకు కట్టిస్తున్నారు. సిమెంటు మోసిన ఆటో డ్రైవరు దగ్గర బిల్లు పుస్తకం లేదు. నోటుబుక్ కాగితం చింపి ‘12 బస్తాలు, కిరాయి 1,400’ అని రాయించి వేలిముద్ర వేసిచ్చాడు. ఆమె ఆ కాగితాన్ని తెల్లకాగితానికి అంటించి, కింద ఇంగ్లీషులో రాసి, తేదీ వేసి, ట్యాంకు ఫోటో జత చేసింది. తర్వాత అరగంట ఫోన్లో మాట్లాడింది. దాత డబ్బిచ్చింది ‘నిర్మాణానికి’. మరి కిరాయి అందులోకి వస్తుందా, రాదా? ఫలానా పనికని ఇచ్చిన డబ్బును ఇంకో పనికి వాడకూడదు. బావికిచ్చింది బావికే. ఆఫీసు అద్దెకూ అకౌంటెంటు జీతానికీ డబ్బివ్వడానికి దాతలు అంత త్వరగా ముందుకు రారు. డైరెక్టరుకు నెల తిరిగేసరికి పట్టుకునే టెన్షన్ అదే. ఊళ్లో పని ఆగకూడదు, తనను నమ్ముకున్న ఐదుగురికి జీతం ఆలస్యం కాకూడదు, ఒక్క రూపాయి కూడా దారి తప్పకూడదు. వేరేవాళ్ల డబ్బుకు, వేరేవాళ్ల అవసరానికి మధ్య నిలబడి ఇద్దరికీ జవాబు చెప్పే పని అది. నాకు ఆ పని మీద చాలా గౌరవం.

ఆ పనికి మనిషిని తయారు చేసేది ఏది? ఇక్కడే మీ అమ్మాయితో నాకు తేడా వస్తుంది. 1972లో బంగ్లాదేశ్‌లో బ్రాక్ అనే సేవా సంస్థను మొదలుపెట్టిన ఫజ్లే హసన్ అబేద్ అప్పటిదాకా షెల్ ఆయిల్ కంపెనీలో లెక్కలు చూసినవాడు. లండన్‌లోని తన ఫ్లాటు అమ్మి ఆ డబ్బుతో పని మొదలుపెట్టాడు. అనంతపురంలో విన్సెంట్ ఫెర్రర్‌తో కలిసి రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టును నిలబెట్టిన అన్నే ఫెర్రర్ ఇంగ్లండ్ నుంచి వచ్చిన జర్నలిస్టు. 1969లో వాళ్లు ఆ కరువు జిల్లాకు వచ్చినప్పుడు అదీ చిన్న సంస్థే. బాలకార్మికులను బడికి తెచ్చిన ఎంవీ ఫౌండేషన్ శాంతా సిన్హా హైదరాబాద్ యూనివర్సిటీలో పొలిటికల్ సైన్స్ ప్రొఫెసరుగా పనిచేశారు. 2003లో మెగసెసే అవార్డు వచ్చిందావిడకు. లెక్కలు, రాయడం, పాఠం చెప్పడం, ఏదో ఒక పని బాగా వచ్చినవాళ్లు వీళ్లంతా. ఆ పని పట్టుకుని జనం మధ్యకు వెళ్లారు, ఏళ్ల తరబడి అక్కడే ఉన్నారు. 

అందుకే ఈ మధ్య ఫ్యాషనైన ఇంగ్లండ్ డెవలప్‌మెంట్ మాస్టర్స్ అంటే నాకు అనుమానం. చదువు చెడ్డదని కాదు. ససెక్స్ యూనివర్సిటీ లాంటి చోట్ల చాలా మంచి పాఠాలు చెబుతారు. కానీ ఇప్పుడున్న పరిస్థితి చూడండి. 2025 ఫిబ్రవరిలో బ్రిటన్ ప్రభుత్వం విదేశీ సాయాన్ని జాతీయాదాయంలో 0.5 శాతం నుంచి 2027 కల్లా 0.3 శాతానికి తగ్గిస్తామని చెప్పింది. అదే ఏడాది అమెరికా విదేశాలకు సాయం అందించే తన సంస్థ యూఎస్ఎయిడ్‌ను మూసేసింది. పదిహేనేళ్లు ఫీల్డులో తిరిగినవాళ్లు ఇప్పుడు ఉద్యోగాల కోసం వెతుక్కుంటున్నారు. వాళ్ల పక్కన మన పాప కొత్త డిగ్రీతో నిలబడాలి. వీసా సంగతి ఇంకా గట్టిది. చదువు తర్వాత అక్కడ ఉండే గ్రాడ్యుయేట్ వీసా 2027 జనవరి నుంచి దరఖాస్తు చేసేవాళ్లకు 18 నెలలే. ఆ తర్వాత స్కిల్డ్ వర్కర్ వీసాకు మామూలుగా ఏటా 41,700 పౌండ్ల జీతం చూపాలి. కొత్తగా చదువు ముగించినవాళ్లకు కొంత తగ్గింపు ఉన్నా, విదేశీయులను ఉద్యోగంలో పెట్టుకోవడానికి సంస్థకు స్పాన్సర్ లైసెన్సు ఉండి తీరాలి. ఆరుగురితో నడిచే సంస్థ ఆ జీతం, ఆ లైసెన్సు ఖర్చు ఎక్కడి నుంచి తెస్తుంది? పైగా వాళ్లు దానికి అంత ఖర్చు పెట్టడం సరైన పని కూడా కాదు. ఆ డబ్బుతో మలావీలో ఒక బడికి నీళ్లొస్తాయి.

ఇంకో మాట మీ అమ్మాయే చదవాలి. మలావీలో పనిని మలావీ వాళ్లే నడిపించాలని ఈ రంగంలో ఇప్పుడు గట్టిగా నమ్ముతున్నారు. 2016లో ఇస్తాంబుల్ సదస్సులో పెద్ద దాతలు, పెద్ద సంస్థలు కలిసి విపత్తు సాయంలో కనీసం 25 శాతం స్థానిక సంస్థలకు వీలైనంత నేరుగా చేరాలని రాసుకున్నారు. ఆ లెక్క అందుకోలేదు, కానీ దారి అటే. అక్కడి భాష, అక్కడి బడి, అక్కడి పంచాయితీలు తెలిసిన మనిషి ఉండగా బయటి నుంచి వచ్చిన పాతికేళ్ల పిల్ల పైన కూర్చోవడం సరికాదు. అమ్మా, నీకు తెలుగు వచ్చు. రంపచోడవరంలోనో నారాయణపేటలోనో ఒక తల్లి సగం మాటే చెప్పి ఆగిపోతే, మిగతా సగం నీకు అర్థమవుతుంది. ముందు అక్కడ పనిచెయ్యి.

మళ్లీ మీ దగ్గరికి వస్తాను మాస్టారూ. మీ మీద నాకు కోపమొచ్చిన చోటు ఒకటుంది. సంబంధాలవాళ్లకు ‘అమెరికా ప్రయత్నాల్లో ఉంది’ అని ఎందుకు చెబుతున్నారు? మీ అమ్మాయి దొంగతనం చేసిందా? ముప్పై ఏళ్లు సర్కారు బళ్లో పాఠం చెప్పారు. మీ బడిలో నీళ్లు లేనప్పుడు, మరుగుదొడ్డి లేక ఆడపిల్లలు బడి మానేసినప్పుడు మీరూ చూసే ఉంటారు. అదే సమస్య ఇంకో దేశంలో తీరాలని మీ కూతురు రాత్రిళ్లు మేలుకుంటోంది. ఆ బుద్ధి ఎక్కడి నుంచి వచ్చిందో ఒక్కసారి ఆలోచించారా? అబద్ధం మీద కుదిరిన సంబంధం నిజం తెలిశాక ఏమవుతుందో మీకు నేను చెప్పాలా? పిల్ల చేసే పని విని వెనక్కి పోయేవాళ్లు ముందే పోతే మంచిది. మీరు సిగ్గుపడుతున్నారని ఆ అమ్మాయికి తెలుసు. మీ మాట వినకపోవడానికి అదీ ఒక కారణం.

ఎంబీఏ పోలిక అడిగారు కాబట్టి చెబుతాను. మంచి కాలేజీలో సీటొస్తే ఎంబీఏ లోన్ త్వరగా తీరుతుంది, అది నిజం. పేరు తెలియని కాలేజీలో అయితే అదీ ఇంకో 20 లక్షల అప్పే. ఇష్టం లేని పిల్లను అందులోకి తోసి మీరు సాధించేదేమీ లేదు. మన దేశంలో ఇదే రంగానికి దారులున్నాయి. బెంగళూరు అజీం ప్రేమ్‌జీ యూనివర్సిటీలో ఎంఏ డెవలప్‌మెంట్ ఉంది, ఇంటి ఆదాయాన్ని బట్టి ఫీజులో సాయం చేస్తారు. టాటా వాళ్ల పేరుతో ఉన్న సామాజిక శాస్త్రాల సంస్థ టిస్ ఉంది. గుజరాత్‌లోని ఆనంద్‌లో గ్రామీణ మేనేజ్‌మెంట్ నేర్పే ఇర్మా ఉంది. అసలు డిగ్రీకన్నా ముందు ఎస్‌బీఐ యూత్ ఫర్ ఇండియా ఫెలోషిప్‌కు రాయమనండి. 13 నెలలు పల్లెలో ఉంచి, స్టైపెండ్ ఇచ్చి పనిచేయిస్తారు. ఊరు తనకు పడుతుందా లేదా అన్నది లోన్ లేకుండానే తెలుస్తుంది.

ఆ 13 నెలల్లో లెక్కలు కూడా నేర్చుకోవాలి. మన దేశంలో విదేశీ విరాళాల చట్టాన్ని 2020లో సవరించాక, వచ్చిన డబ్బులో ఆఫీసు ఖర్చు పరిమితిని 50 శాతం నుంచి 20కి తగ్గించారు, ఒక సంస్థ తన విదేశీ నిధులను మరో సంస్థకు ఇవ్వకూడదన్నారు. ఇంకోవైపు 2014 నుంచి పెద్ద కంపెనీలు తమ లాభంలో 2 శాతం సామాజిక పనులకు పెట్టాలి. ఏ డబ్బును ఏ పద్దులో చూపాలో తెలిసి, ఊళ్లో కూడా కూర్చోగలిగిన మనిషి ప్రతి చిన్న సంస్థకూ కావాలి. అలాంటివాళ్లు దొరకడం లేదని ఈ సంస్థల వాళ్లు నాతో చాలాసార్లు అన్నారు. మీ అమ్మాయికి సాఫ్ట్‌వేర్ వచ్చు, లెక్కలు మీ ఇంట్లోనే ఉన్నాయి.

ఈ ఆదివారం మీరిద్దరూ ఒక పని చెయ్యండి. ఆ సంస్థ ఇంగ్లండ్, వేల్స్‌లో రిజిస్టరై ఉంటే దాని వార్షిక లెక్కలు ఛారిటీ కమిషన్ సైటులో ఎవరైనా ఉచితంగా చూడొచ్చు. ప్రింటు తీసి పక్కపక్కన కూర్చుని చదవండి. జీతాలకు ఎంత పోయింది, ఫలానా పనికని కట్టుబడిన డబ్బు ఎంత, చేతిలో ఉన్నది ఎన్ని నెలలకు సరిపోతుంది, ట్రస్టీలెవరు, వాళ్లు ఏ పని చేసి వచ్చినవాళ్లు. ఈ నాలుగూ చూస్తే మీకు ఆ సంస్థ అర్థమవుతుంది, ఆమెకు ఆ కుర్చీ ఎంత బరువో అర్థమవుతుంది. అడగాల్సినవి ఉంటే డైరెక్టరుకు ఆమే మెయిల్ పెడుతుంది. మీరు ఫోన్ చెయ్యొద్దు.

యూనివర్సిటీకి ఇంకా డిపాజిట్ కట్టకపోతే కట్టకండి. సీటు వచ్చేసి ఉంటే ఒక ఏడాది వాయిదా అడగమనండి, చాలాచోట్ల ఒప్పుకుంటారు. ఆ ఏడాది ఊళ్లో గడిపాక కూడా ఇంగ్లండే కావాలంటే, అప్పుడు స్కాలర్‌షిప్పులకు ఇద్దరం కలిసి దరఖాస్తు రాద్దాం, తీసుకురండి.